ఆ సీను వెయ్యాల్సిందేనా?

సమస్య: మాది లాల్‌గడి మలక్‌పేట్. జినోమ్ వ్యాలీలో ఓ కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తాను. తాగి తాగి మా ఆయన పోయి రెండేళ్లయింది. పాప తొమ్మిదో తరగతి. పక్కింటి అక్క పోరు పడలేక, శామీర్‌పేటలో ఆదివారాలు నాటకాలు నేర్పేవాళ్ల దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. డప్పు దెబ్బకు అడుగులెయ్యడం, ఒకరిని చూసి ఒకరు వెక్కిరించుకోవడం... ఎన్నాళ్లకో పగలబడి నవ్వాను. ఓ వారం 'మీ ఇంట్లో జరిగింది వేసి చూపించండి' అన్నారు. ఆయన అన్నం కంచం గోడకేసి కొట్టిన రాత్రి వేశాను. ఏడుపు ఆగలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పట్నుంచి నిద్ర లేదు. ఇప్పుడు అదే సీను జనం ముందు వేస్తే బరువు దిగుతుందంటున్నారు సారు. మా బావేమో 'ఇంటి పరువు బజార్న పెడతావా, మానెయ్' అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

సలహా: చెల్లెమ్మా, ఇద్దరి మాటా వినకు. నాటకం మానకు, ఆ సీను వెయ్యకు.

బ్రెజిల్ నాటక ప్రయోక్త అగస్టో బోల్ 1973లో పెరూలో ఉన్నప్పుడు, మొగుడు మోసం చేసిన ఒకామె కథ వేయించాడు. ఆమె ఏం చెయ్యాలో చూసేవాళ్లు చెప్తే నటులు చేసి చూపించేవారు. ఒకావిడకు అదేదీ నచ్చలేదు. 'అయితే నువ్వే రా' అన్నాడు బోల్. ఆవిడ వేదికెక్కి, చీపురుకట్ట అందుకుని మొగుడి వేషగాణ్ణి ఉతికి ఆరేసింది. ఆనక తీరిగ్గా కూర్చుని, వెళ్లి అన్నం పట్టుకురమ్మంది! చూసేవాళ్లే లేచొచ్చి కథ మార్చే ఫోరం థియేటర్‌కు అదే మొదలని బోల్ రాసుకున్నాడు. ఆవిడ వేసింది తన కథ కాదు, జరిగింది జరిగినట్టూ కాదు. నీచేత వేయిస్తున్నది మాత్రం అచ్చంగా జరిగిందే. అందులో నువ్వు చెయ్యగలిగింది మళ్లీ భరించడమే.

రాజీవ్ రహదారి పట్టుకుని కొమురవెల్లి వైపు వెళ్తే మల్లన్న ఒగ్గుకథ ఉండనే ఉంది. కథకుడు కాసేపు మల్లన్న, కాసేపు ఆయన భార్య మేడలమ్మ, మరుక్షణం మామూలు మనిషై జనంతో పరాచికాలాడతాడు. నీకు కావలసింది వేషానికీ మనిషికీ మధ్య ఉండే ఆ ఎడం. చిందు భాగవతం ఆడిన చిందు ఎల్లమ్మ మగవేషాలు కట్టి మెప్పించింది. నువ్వూ దొర వేషమో, పోలీసు వేషమో అడుగు. తాగుబోతు వేషమే కావాలన్నా నేను ఆశ్చర్యపోను.

బావ పరువు సంగతి అలా ఉంచు. ఆ రాత్రి పాప కూడా ఆ ఇంట్లోనే ఉంది కదా? ఆ కథలో సగం ఆమెది. రేపు బడిలో నలుగురూ అడిగేది ఆమెనే. ఆమె సరే అనందే అది గడప దాటకూడదు.

సారు మంచివారే కావచ్చు. ఏడిపించడం వచ్చినంత మాత్రాన నిద్రపుచ్చడం రావాలని లేదు. నాటకంతో వైద్యం చెయ్యడానికి వేరే శిక్షణ ఉంటుంది. నిద్ర ఇంకా పట్టకపోతే ఇవాళే 14416కి ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వ టెలి మానస్ నంబరు. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు.