కోత ఒక్కరోజే, తీరిక నెలంతా!

ప్రశ్న: మాది పామర్రు దగ్గర పల్లె. వయసు 54. ఐదెకరాల వరి కోత, నూర్పిడి మిషన్‌తో ఒక్కరోజులో అయిపోతోంది. తీరికంతా ఫోన్‌కే పోతోంది. అర్ధరాత్రి దాటినా నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ఇది మీ సోమరితనం కాదండీ. ఒకప్పుడు కోత, కుప్ప, నూర్పిడి రోజుల తరబడి సాగేవి. పనిలోనే కబుర్లు దొరికేవి, ఒళ్లలిసి నిద్ర ముంచుకొచ్చేది. మిషన్ పనితోపాటు వాటినీ పట్టుకుపోయింది. ఫోన్ పొద్దుపుచ్చుతుందే కానీ ఒంటికి అలుపునివ్వదు.

పొద్దున్నే కాలవగట్టున అరగంట నడవండి. వరి తర్వాత మినుము వేసి ఉంటే ఆ చేను రోజూ చూసి రండి. పగటి కునుకు అరగంట దాటనివ్వకండి. సాయంత్రం రచ్చబండ దగ్గర నలుగురితో కూర్చోండి. రాత్రి 9 దాటాక ఫోన్ వేరే గదిలో పెట్టండి.

మూడు వారాలు గడిచాక కూడా నిద్ర కుదరకపోయినా, దేనిమీదా మనసు నిలవకపోయినా మానసిక వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి కూడా మాట్లాడవచ్చు.