రేవు దాటే లెక్క

జోగులాంబ గద్వాల జిల్లాలో, జూరాల ఆనకట్టకు దిగువన, కృష్ణానది రెండు పాయలుగా చీలి మళ్ళీ కలుస్తుంది. ఆ పాయల నడుమ గుర్రంగడ్డ అనే ఊరుంది. చుట్టూ నీరు, మధ్య ఊరు. గోదావరి జిల్లాలలో ఇటువంటి నేలను లంక అంటారు. మన వైపు గడ్డ అంటారు. సంతకైనా, ఆస్పత్రికైనా, పై చదువులకైనా ఆ ఊరివాళ్ళు తరతరాలుగా పుట్టిమీదో పడవమీదో ఏరు దాటుతూ వచ్చారు. ఇంకా ఎగువన, కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో కురుగడ్డ ఉంది. అక్కడి దత్త క్షేత్రానికి వెళ్ళే యాత్రికులు మన మక్తల్ దగ్గరి పంచదేవ్‌పహాడ్ రేవులో పడవ ఎక్కుతారు. దిగువన నాగర్‌కర్నూలు జిల్లాలో, కొల్లాపూర్ దగ్గర సోమశిల రేవు ఉంది. అక్కడినుంచి శ్రీశైలం జలాశయం మీదుగా అవతలి ఒడ్డుకు పడవలు వెళతాయి.

మీ బడి పిల్లలంతా కలిసి ఒక రోజు ఇటువంటి గడ్డకు విహారయాత్ర వెళ్ళాలనుకున్నారనుకోండి. బస్సు ప్రయాణమైతే టైము చూసుకుంటే చాలు. రేవు ప్రయాణానికి అది చాలదు. మూడు ప్రశ్నలకు ముందే సమాధానం తెలిసి ఉండాలి. నది ఈ రోజు ఎంత వేగంగా పారుతున్నది? పుట్టి ఎంతమందిని మోయగలదు? అందరూ వెళ్ళి, చీకటి పడకముందే తిరిగి రావడానికి ఎన్ని విడతలు పడతాయి? ఈ మూడూ మీ పాఠాలలో ఉన్న లెక్కలే.

నది పైనుంచి వచ్చే కబురు

మన ఊళ్ళో ఆకాశం నిర్మలంగా ఉన్నంత మాత్రాన నది శాంతంగా ఉంటుందనుకోకూడదు. కృష్ణ మహారాష్ట్రలోని మహాబలేశ్వరం దగ్గర పుట్టి, కర్ణాటకలో ఆలమట్టి, నారాయణపూర్ ఆనకట్టలు దాటి, ఆ తరువాత జూరాలకు వస్తుంది. పడమటి కనుమలలో వాన పడితే పై జలాశయాలు నిండుతాయి. అక్కడి గేట్లు ఎత్తితే జూరాల నిండుతుంది. జూరాల గేట్లు ఎత్తితే గుర్రంగడ్డ పాయలలో నీరు పెరుగుతుంది. కాబట్టి వానాకాలంలో రేవు దాటేవాళ్ళు మబ్బును చూస్తే చాలదు, గేట్ల కబురు తెలుసుకోవాలి.

ఆ కబురు పత్రికలలో, రేడియోలో క్యూసెక్కులలో వస్తుంది. ఒక్క సెకనులో ఒక ఘనపు అడుగు నీరు పారితే అది ఒక క్యూసెక్కు. ఘనపు అడుగు అంటే సుమారు 28.3 లీటర్లు. లక్ష క్యూసెక్కులంటే సెకనుకు 28 లక్షల లీటర్లకు పైగా నీరన్నమాట. 2009 అక్టోబరు వరదలలో శ్రీశైలం జలాశయంలోకి 25 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు వచ్చి పడింది. అలాంటి రోజులలో రేవు దాటే ఆలోచనే చేయకూడదు. మామూలు రోజులలో కూడా గేట్లు ఎత్తుతున్నారని తెలిస్తే ప్రయాణం మానుకోవలసిందే.

ఎదురుగా వెళ్ళినా ఎదురుగా చేరం

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. పాయ వెడల్పు 300 మీటర్లు. నిలకడ నీటిలో పుట్టి వేగం సెకనుకు 1 మీటరు. నది వేగం సెకనుకు అర మీటరు. పుట్టివాడు అవతలి ఒడ్డుకు సూటిగా తెడ్డు వేశాడు. ఎంతసేపటికి, ఎక్కడికి చేరతాడు?

వేగానికి పరిమాణంతోపాటు దిశ కూడా ఉంటుంది. అందుకే దాన్ని సదిశ రాశి అంటాం. పుట్టి వేగం ఒడ్డు వైపు, నీటి వేగం దిగువ వైపు. ఈ రెండూ ఒకదానికొకటి లంబంగా ఉన్నాయి కనుక ఒకటి రెండోదాన్ని తగ్గించదు. 300 మీటర్లు దాటడానికి 300 సెకన్లు, అంటే 5 నిమిషాలు పడుతుంది. ఆ 5 నిమిషాలలో నది పుట్టిని 150 మీటర్లు దిగువకు లాగేస్తుంది. ఎదురుగా కనిపించే రేవును చేరాలంటే 150 మీటర్లు ఎగువనుంచే బయలుదేరాలి. పుట్టివాళ్ళు ఒడ్డువెంట పుట్టిని ఎగువకు తీసుకువెళ్ళి అక్కడ మనుషుల్ని ఎక్కించుకోవడంలో రహస్యం ఇదే. వాళ్ళు కాగితం మీద లెక్క వేయరు. కంటితోనే వేస్తారు.

మరో ఉపాయం కూడా ఉంది. పుట్టిని కొంచెం ఎగువవైపు తిప్పి తెడ్డు వేస్తే లాగుడుకు సరిపోతుంది. పై లెక్కలో 30 డిగ్రీలు ఎగువకు తిప్పాలి. అప్పుడు సూటిగా ఎదురు ఒడ్డుకే చేరతాం. కాని ఒడ్డు వైపు వేగం సెకనుకు 0.87 మీటరుకు తగ్గుతుంది. దాటడానికి 5 నిమిషాలకు బదులు 5 నిమిషాల 46 సెకన్లు పడుతుంది.

ఇక నది వేగం సెకనుకు 1 మీటరు అయిందనుకోండి. పుట్టి వేగం, నది వేగం సమానమయ్యాయి. ఇప్పుడు పుట్టిని ఎటు తిప్పినా సూటిగా ఎదురు ఒడ్డుకు చేరడం అసాధ్యం. నది వేగం 2 మీటర్లయితే ఆ 5 నిమిషాలలోనే 600 మీటర్లు దిగువకు కొట్టుకుపోతాం. గడ్డ కొస ఆ లోపలే ఉంటే గడ్డ దాటిపోయినట్లే. వెనక్కి రావడానికి తెడ్డుకు బలం చాలదు.

తేలడం వేరు, నిలబడడం వేరు

వెదురు బద్దలతో గంపలా అల్లి, అడుగున నీరు చొరకుండా తోలో తారు పూసిన పట్టానో కప్పితే పుట్టి అవుతుంది. ఇది చాలా పాత సాధనం. 16వ శతాబ్దంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆనెగొంది దగ్గర జనం ఇటువంటి గుండ్రని పుట్లలో తుంగభద్ర దాటడం చూసి రాశాడు. ఆ తుంగభద్రే దిగువన సంగమేశ్వరం దగ్గర మన కృష్ణలో కలుస్తుంది. అడుగు వెడల్పుగా ఉండడంవల్ల పుట్టి నీటిలో ఎక్కువ లోతుకు దిగదు. అందుచేత బండరాళ్ళున్న నదిలో కూడా నడుస్తుంది.

2 మీటర్ల వ్యాసం, 60 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పుట్టిని తీసుకుందాం. లెక్క సులువుగా ఉండడానికి దాని అడుగు పళ్ళెంలా సమంగా ఉందనుకుందాం. అడుగు వైశాల్యం 3.14 చదరపు మీటర్లు. ఆర్కిమెడీస్ సూత్రం ప్రకారం తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీటిని తొలగిస్తుంది. పుట్టి 1 సెంటీమీటరు దిగితే 31.4 లీటర్ల నీరు తొలగుతుంది, అంటే 31.4 కిలోల బరువు మోస్తుంది. సుమారు 63 కిలోల మనిషి ఎక్కితే 2 సెంటీమీటర్లు దిగుతుంది. పుట్టి సొంత బరువు కూడా అంతే అనుకుందాం.

ఐదుగురు ఎక్కితే మొత్తం 12 సెంటీమీటర్లు దిగుతుంది, అంచు నీటికి 48 సెంటీమీటర్ల పైన ఉంటుంది. పదిమంది ఎక్కితే 22 సెంటీమీటర్లు దిగుతుంది, అంచు 38 సెంటీమీటర్ల పైన ఉంటుంది. ఇరవైమంది ఎక్కితే 42 సెంటీమీటర్లు దిగుతుంది, అంచు 18 సెంటీమీటర్ల పైన ఉంటుంది. ఇరవైమంది ఎక్కినా తేలుతూనే ఉంది కదా, ఇంకేం భయం అనిపిస్తుంది. మోసం అక్కడే ఉంది.

కాగితం మీద 10 సెంటీమీటర్ల అడ్డగీత గీయండి. ఇది పుట్టి మధ్యనుంచి అంచు దాకా ఉన్న 1 మీటరుకు గుర్తు. గీత కొసన 4.8 సెంటీమీటర్ల నిలువు గీత గీయండి. ఇది ఐదుగురు ఎక్కినప్పుడు అంచు ఎత్తు. దాని పై కొసను అడ్డగీత మొదటితో కలిపి, అక్కడి కోణాన్ని కోణమానినితో కొలవండి. సుమారు 26 డిగ్రీలు వస్తుంది. అంటే పుట్టి ఒక పక్కకు అంత వంగితే అంచు నీటిని తాకుతుంది. ఇలాగే పదిమందికి 3.8 సెంటీమీటర్ల గీతతో చూడండి. సుమారు 21 డిగ్రీలు. ఇరవైమందికి 1.8 సెంటీమీటర్లు. కోణం 10 డిగ్రీలే!

పదిమందిలో ఇద్దరు అటు నుంచి ఇటు లేచి వచ్చినా, ఒక అల తగిలినా పుట్టి కొన్ని డిగ్రీలు వంగుతుంది. అంచు ఒక్కసారి మునిగితే నీరు లోపలికి వచ్చి పల్లపు పక్కకే చేరుతుంది. దాంతో ఇంకా వంగుతుంది, ఇంకా నీరు వస్తుంది. అందుకే పుట్టిలో నిలబడవద్దని పెద్దలంటారు. నిలబడితే గరిమనాభి పైకి జరిగి, పుట్టి తేలికగా ఒరుగుతుంది. నిజమైన పుట్టి అడుగు గిన్నెలా వంపుగా ఉంటుంది కనుక ఈ లెక్కకన్నా ఇంకా లోతుకు దిగుతుంది. ఏ పుట్టికి ఎంతమందో దాని కొలతలను బట్టి ఉంటుంది. ఆ సంగతి రేవులో అడిగి తెలుసుకోవాలి. మన లెక్కలోని సంఖ్య అన్నిటికీ వర్తించదు.

రెండు గంటల ఖరీదు

మీ బృందంలో 80 మంది ఉన్నారు, ఒకే పుట్టి ఉంది, విడతకు పదిమంది అని నియమం పెట్టుకున్నారనుకోండి. 8 విడతలు కావాలి. ఎక్కడం, దాటడం, దిగడం, పుట్టిని ఎగువకు తీసుకుపోవడం, తిరిగి రావడం అన్నీ కలిపి ఒక విడతకు 30 నిమిషాలు. మొదటి విడత ఉదయం 9 గంటలకు బయలుదేరితే ఎనిమిదోది 12.30కు బయలుదేరుతుంది. తిరుగు ప్రయాణంలో ఆఖరి విడత సాయంత్రం 5 గంటలకు గడ్డ విడవాలంటే, మొదటి విడత 1.30కే విడవాలి. ముందు వెళ్ళినవాళ్ళు ముందే తిరిగి వస్తే అందరికీ గడ్డమీద ఒకే సమయం, సుమారు నాలుగున్నర గంటలు, దొరుకుతుంది. ఇది సక్రమమైన ప్రణాళిక.

ఈ లెక్క ఎవరూ ముందు వేసుకోకపోతే ఏమవుతుంది? రేవులో ఎండకు నిలబడినవాళ్ళు విసుగెత్తి, "ఇరవైమందిని ఎక్కించు" అంటారు. అప్పుడు 4 విడతలే. ఆఖరి విడత 10.30కే బయలుదేరుతుంది. రెండు గంటలు మిగిలాయి. కాని ఆ రెండు గంటల కోసం 21 డిగ్రీలను 10 డిగ్రీలు చేసుకున్నాం. సాయంత్రం చీకటి పడుతుంటే ఇదే ఆత్రం ఇంకా ఎక్కువవుతుంది. కనుక ఆత్రం పుట్టకుండా చూసేందుకే ముందు లెక్క వేసుకోవాలి. పొద్దున్నే బయలుదేరాలి, లేదా ఇంకో పుట్టి మాట్లాడుకోవాలి, లేదా 40 మందిమే వెళ్ళాలి.

సోమశిలలో రేవే కదులుతుంది

సోమశిలలో మరో విశేషం ఉంది. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగులు. నిండినప్పుడు సంగమేశ్వరం గుడి నీటిలో మునిగిపోతుంది. వేసవిలో మట్టం బాగా తగ్గినప్పుడు మళ్ళీ బయటపడుతుంది. నీరు తగ్గేకొద్దీ పడవ ఎక్కే చోటు కూడా కిందికి జరుగుతుంది. కనుక ఆగస్టులో వేసుకున్న ప్రణాళిక ఏప్రిల్‌కు పనికిరాదు. జలాశయం నిండి విశాలంగా ఉన్నప్పుడు గాలి చాలా దూరం నీటిమీద అడ్డులేకుండా వీస్తుంది. గాలి వీచే దూరం పెరిగినకొద్దీ అలలు పెద్దవవుతాయి. ప్రవాహం లేదు కదా అని అక్కడ ధీమాగా ఉండకూడదు.

ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు. 2007 జనవరిలో కొల్లాపూర్ మండలం మంచాలకట్ట దగ్గర కృష్ణలో పడవ మునిగి సుమారు 60 మంది చనిపోయారు. జనవరి వరదల నెల కాదు. నది నిండు వరదలో ఉన్నప్పుడే ప్రమాదమనుకోవడం పొరపాటని ఆ దుర్ఘటన చెబుతోంది.

ఇంగ్లండులో పందొమ్మిదో శతాబ్దంలో ఓడలను మితిమీరి నింపడంవల్ల ఎందరో నావికులు ప్రాణాలు కోల్పోయారు. పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ ప్లిమ్సాల్ పోరాటంవల్ల 1876లో ఓడ పక్కన ఒక గీత గీయాలని చట్టం వచ్చింది. నీరు ఆ గీత దాటితే బరువు ఎక్కువైనట్లే. మన నదులలో, జలాశయాలలో తిరిగే నావల కోసం 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. రిజిస్ట్రేషను, ప్రాణరక్షణ సామగ్రి అందులోని ముఖ్య విషయాలు. లైఫ్ జాకెట్ ఎందుకంటే, మనిషి శరీర సాంద్రత ఇంచుమించు నీటి సాంద్రతతో సమానం. కాస్త అదనపు తేలుడు బలం దొరికితే ముఖం నీటిపైన నిలుస్తుంది. జాకెట్ పుట్టిలో పడి ఉంటే ఉపయోగం లేదు. ఎక్కకముందే తొడుక్కుని బిగించుకోవాలి.

చేసి చూడండి

ఒక బకెట్ నీటిలో స్టీలు గిన్నె తేలనివ్వండి. అందులో ఒక్కొక్కటిగా గోలీలు వేస్తూ, అంచు ఎంత ఎత్తున ఉన్నదో స్కేలుతో కొలిచి రాసుకోండి. ప్రతిసారీ వేలితో అంచును మెల్లగా నొక్కి, ఎంత వంచితే నీరు లోపలికి వస్తుందో గమనించండి. తరువాత అవే గోలీలను ఒక గ్లాసులో పోసి, గ్లాసును గిన్నె మధ్య నిలబెట్టి చూడండి. బరువు పెద్దగా మారకపోయినా గిన్నె ఎంత తేలికగా ఒరుగుతుందో తెలుస్తుంది.

ఈ లెక్కలు కూడా చేయండి:

1. పాయ వెడల్పు 240 మీటర్లు, పుట్టి వేగం సెకనుకు 0.8 మీటరు, నది వేగం 0.4 మీటరు. సూటిగా తెడ్డు వేస్తే ఎంతసేపు పడుతుంది, ఎంత దిగువకు చేరతాం?

2. 60 మంది, విడతకు పదిమంది, ఒక విడతకు 40 నిమిషాలు. ఆఖరి విడత 5 గంటలకు గడ్డ విడవాలంటే మొదటి విడత ఎప్పుడు విడవాలి?

జవాబులు: 1. 5 నిమిషాలు, 120 మీటర్లు. 2. మధ్యాహ్నం 1.40కి.