కడియం పెరటి కోళ్లకు పచ్చిమేత: చేయవలసినవి, చేయకూడనివి

కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక వైపు పచ్చదనానికి కొదవ లేదు. నర్సరీల్లో కత్తిరించిన కొమ్మలు, పీకిన కలుపు గట్ల మీద గుట్టలుగా పడుంటాయి. పని దిగి ఇంటికెళ్తూ అందులోంచి ఓ కట్ట తెచ్చి కోళ్ల ముందు పడేయడం తేలిక. ఈ ప్రాంతంలో గుడ్లు పెట్టే కోడి విషయంలో నాకు ఎక్కువ భయం అక్కడే. అందుకే చేయకూడనివి ముందు చెబుతున్నాను.

చేయకూడనివి

నర్సరీ కత్తిరింపులు ఏవైనా సరే, కోళ్లకు వేయకండి. గన్నేరు, పచ్చగన్నేరు ఆకు నుంచి కాయ దాకా విషమే, నేరుగా గుండెను దెబ్బతీస్తాయి. డిఫెన్‌బాకియా ఆకుల్లోని ఆక్సలేట్ స్ఫటికాలు నోటిని, గొంతును వాచేలా చేస్తాయి. మొక్క మంచిదే అయినా దాని మీద కొట్టిన మందు సంగతేమిటి? అలంకరణ మొక్క తినడానికి కాదు కనుక, మందు కొట్టాక ఇన్ని రోజులు ఆగాలన్న పట్టింపు అక్కడ ఉండదు. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు పక్షులకు అతి విషం. కార్బోఫ్యూరాన్ గుళికల్ని కోడి గింజలనుకుని ఏరుకు తింటుంది. అందుకే పాత కవర్ల మట్టి కుమ్మరించిన చోట కోళ్లను తిరగనివ్వకండి. కోడి చావకుండా బతికినా మందు అవశేషాలు గుడ్డులోకి చేరవచ్చు. ఆ గుడ్డు తినేది మన పిల్లలే.

సుబాబుల్ ఆకులో మైమోసిన్ ఉంటుంది. ఎక్కువైతే గుడ్లు తగ్గిపోతాయి. పచ్చి కర్రపెండలం ఆకు సైనైడ్‌ను విడుదల చేస్తుంది, అసలు వద్దు. పాలకూర ఎప్పుడైనా కొంచెం ఫర్వాలేదు గానీ రోజూ పెడితే అందులోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు.

అడవి బాతులు, కొంగలు వాలే చెరువుల్లోంచి, కాలువల్లోంచి నాచు, గడ్డి తేవద్దు. 2025 ఫిబ్రవరిలో మన జిల్లాలోని కానూరు అగ్రహారంలో, పక్కన పశ్చిమ గోదావరిలోని వేల్పూరులో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. నీటి పక్షుల రెట్టలతో ఆ వైరస్ వ్యాపిస్తుంది.

చేయవలసినవి

ముందు దాణా, తర్వాతే ఆకు. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. ఒక్క గుడ్డు పెంకుకే 2 గ్రాముల దాకా కాల్షియం కావాలి. ఆకులో ఎక్కువ భాగం నీరే. దాంతో కడుపు నిండితే గుడ్లు తగ్గుతాయి. కాబట్టి పొద్దున దాణా తిన్నాక, మధ్యాహ్నం కోడికో చిన్న గుప్పెడు చాలు. కాల్షియం కోసం విడిగా షెల్ గ్రిట్ (నూరిన ఆల్చిప్పలు) ఓ గిన్నెలో పెట్టండి. వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి జాతులకూ ఇదే పద్ధతి.

మేత మీ పెరట్లోనే పెంచండి. రెండు మడుల తోటకూర, ఒక మునగ చెట్టు చాలు, వాటి మీద మందు పడకూడదు. పచ్చసొనకు నిండు పసుపు రంగు ఈ ఆకుల్లోని శాంతోఫిల్ వల్ల వస్తుంది. అజొల్లా పెంచితే తొట్టి మీద వల కప్పి, పెట్టేముందు పేడ వాసన పోయేదాకా కడగండి.

గడ్డి, కాడలు సన్నగా తరగండి. పొడవు పోచలు మెడ కింద మేత నిలిచే సంచిలో ఉండగట్టి అడ్డుపడతాయి. ఆకుకూరను మాత్రం కట్టగా కట్టి కోడి తల ఎత్తులో వేలాడదీయండి, రెట్ట అంటదు. మిగిలింది సాయంత్రానికి తీసేయండి, బూజు పట్టింది అసలు పెట్టకండి.

కోడి చొంగ కారుస్తూ, రెక్కలు వేలాడేసి తూలుతుంటే మేత ఆపి, తిన్న ఆకు దాచి పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి, లేదా పశువైద్యశాలకు తీసుకెళ్లండి. వైద్యుడు సరేననే దాకా గుడ్లు తినకండి. ఒకేసారి నాలుగైదు కోళ్లు చనిపోతే వాటిని ముట్టుకోకుండా వెంటనే పశువైద్యశాలకు కబురు చేసి, వాళ్లు చెప్పినట్టే చేయండి. చచ్చిన కోడిని వండుకోవద్దు, కాలువలో పడేయవద్దు. ఒకటీ అరా చనిపోతే లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి.