ఖాకీ కొలువు – మత్తు ముప్పు

రాత్రి డ్యూటీలు, బందోబస్తులు, వేళకు లేని తిండి, పైవారి ఒత్తిడి – పోలీసు ఉద్యోగంలో ఇవి మామూలే. 2019లో వెలువడిన భారత పోలీసింగ్ స్థితి నివేదిక ప్రకారం మన పోలీసులు సగటున రోజుకు 14 గంటలు పనిచేస్తున్నారు. నిద్ర కోసమని మొదలుపెట్టిన మద్యం కొందరికి వ్యసనమవుతోంది. చేతిలో తుపాకీ ఉన్నవారికి ఈ అలవాటుంటే వారికీ, ఇంటివారికీ, ప్రజలకూ ప్రమాదమే.

యునానీ వైద్యం ఆరోగ్యానికి ఆరు అంశాలు (అస్బాబె సిత్తా జరూరియా) తప్పనిసరి అంటుంది: గాలి, అన్నపానాలు, శరీర శ్రమ–విశ్రాంతి, మనసు శ్రమ–విశ్రాంతి, నిద్ర–మెలకువ, విసర్జన–నిలుపుదల. పోలీసు కొలువులో ముందుగా దెబ్బతినేవి తిండి, విశ్రాంతి, మనశ్శాంతి, నిద్ర. మద్యం ఈ లోటును పూడ్చదు. మొదట మగతనిచ్చినా తెల్లవారుజామున నిద్ర చెడగొడుతుంది. మెదడు, గుండె, కాలేయం అనే ప్రధానావయవాలను దెబ్బతీస్తుంది.

కాలేయానికి హకీములు కాసిని, కామంచి ఇస్తారు. అయితే ఇవి తాగుడు మాన్పించే మందులు కావు. రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛలు, రెండు మూడు రోజుల్లో మతిభ్రమ రావచ్చు. ప్రాణాపాయం కూడా ఉంది. కనుక డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగముంది. టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ ఉచితంగా సలహా ఇస్తారు.

మానిన తరువాత వేళకు నిద్ర, తేలికపాటి ఆహారం, రోజూ నడక అలవాటు చేసుకోవాలి. ఇంటివారు దీన్ని తప్పుగా కాక జబ్బుగా చూసి, వెంట ఉండి చికిత్స చేయించాలి.