జట్టుపనికి మార్కులు వేసేదెలా?

మా బడుల్లో నిర్మాణాత్మక మూల్యాంకనం కింద ప్రాజెక్టు పనులు చేయిస్తాం. ఐదుగురు ఒక జట్టు. దస్తూరి బాగున్న అమ్మాయి చార్టంతా రాస్తుంది, ఇద్దరు అట్టలూ జిగురూ తెస్తారు, మిగిలిన ఇద్దరూ పక్కన నిలబడతారు. మార్కులు మాత్రం అందరికీ సమానమే. బీఎడ్ చదివిన నాటి నుంచీ ఈ చిక్కు మాకు తీరలేదు. బడిలో దీనివల్ల పెద్ద ప్రమాదమేమీ లేదు. ఆసుపత్రిలో ఉంది.

మన పిల్లల్లో కొందరు ఎంబీబీఎస్, కొందరు నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ చదువుతున్నారు. ఎవరి కాలేజీ వారిది, ఎవరి పరీక్ష వారిది. ఉద్యోగంలో చేరాక అందరూ ఒకే రోగి మంచం చుట్టూ నిలబడాలి. అందుకే వేర్వేరు వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, కలిసి నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో వెలువరించిన పత్రం చెప్పింది. మన దేశంలోనూ 2019 నుంచి ఎంబీబీఎస్‌లో ఏట్‌కామ్ పేరుతో వైఖరి, నైతికత, సంభాషణల పాఠాలు చేరాయి. నేర్పడం సరే, వచ్చిందో లేదో తెలిసేదెలా?

సులువైనది ప్రశ్నావళి. ‘ఇతర వృత్తులవారితో కలిసి నేర్చుకోవడం నాకు ఉపయోగం’ వంటి వాక్యాలిచ్చి టిక్కు పెట్టమంటారు. 1999లో బ్రిటన్‌లో తయారైన 19 వాక్యాల ప్రశ్నావళిని ఎన్నో దేశాల్లో వాడారు. అది తెలిపేది సంసిద్ధతనే, నైపుణ్యాన్ని కాదు. అయినా ఉపయోగం లేదని ఏ విద్యార్థి టిక్కు పెడతాడు?

మాకు నమ్మకం కలిగించేది కళ్లారా చూసే పద్ధతి. 1975లో స్కాట్లండ్‌లోని డండీలో హార్డెన్ బృందం ప్రవేశపెట్టిన ఓస్కీ పరీక్షలో విద్యార్థి ఒక్కో బల్ల దగ్గరికి వెళ్లి పని చేసి చూపాలి. దాన్నే జట్టుకు అన్వయించవచ్చు. పెద్ద డాక్టరు రాసినట్టుగా అమాక్సిసిలిన్ చీటీ వైద్య విద్యార్థి చేతికిస్తారనుకోండి. రోగికి పెన్సిలిన్ పడదన్న సంగతి నర్సింగ్ విద్యార్థిని దగ్గరున్న కాగితంలోనే ఉంటుంది. అమాక్సిసిలిన్ కూడా పెన్సిలిన్ జాతిదేనని ఫార్మసీ విద్యార్థి గుర్తుచేయాలి.

ఇక చూడాల్సింది వాళ్ల మాటలనే. ఆమె ‘సార్, ఒక్క నిమిషం’ అంటుందా? కారణం స్పష్టంగా చెబుతుందా? అతను పట్టించుకోకపోతే రెండోసారి చెబుతుందా? అమెరికాలో 2006లో విడుదలైన టీమ్‌స్టెప్స్ శిక్షణలో ఇది నియమమే: మొదటిసారి వినకపోతే మళ్లీ చెప్పి తీరాలి. అతను విసుక్కుంటాడా, ఆగి చీటీ చూస్తాడా? మార్చిన మందు పేరూ మోతాదూ ఆమె పైకి చదివి సరిచూసుకుంటుందా? ఇవన్నీ కంటికీ చెవికీ అందేవి. అవును, కాదు అని గుర్తు పెట్టవచ్చు. అలాకాక ‘నాయకత్వం: బాగు’ అని రాస్తే మార్కులన్నీ గొంతు పెద్దదున్నవాడికే పోతాయి. బడిలో మేము ఎన్నోసార్లు చేసిన తప్పే ఇది.

పరీక్షకులూ వేర్వేరు వృత్తులవారై ఉండాలి. జట్టుకు, మనిషికి మార్కులు విడివిడిగా వేయాలి. ఒక్క బల్లతో తేల్చకూడదు. ఒకచోట నోరు విప్పినవారు మరోచోట మౌనంగా ఉండిపోవచ్చు.

పరీక్ష ముగియగానే ముగ్గురినీ కూర్చోబెట్టి మాట్లాడించాలి. ఆమెను ‘చెప్పాలనిపించీ ఎందుకు ఆగావమ్మా?’ అని, అతణ్ని ‘ఆమె మాట ఎందుకు వినలేదు నాయనా?’ అని అడగాలి. ఆ జవాబులకు మార్కుల పట్టికలో గడి ఉండదు. మా ప్రాజెక్టు పట్టికలకు ఈ ఏడాది నుంచి ఒక తెల్లకాగితం జతచేస్తున్నాం.