అణుధూళిని కొలవడం – మనం తెలుసుకోవలసినది

మన సత్యవేడుకు దక్షిణంగా, సుమారు 100 కిలోమీటర్ల దూరంలో సముద్రం ఒడ్డున కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రం ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు సముద్రపు నీరు అక్కడి పంపుహౌసులోకి చేరింది. నడుస్తున్న రియాక్టరును క్షేమంగా ఆపేశారు. రేడియోధార్మికత బయటకు రాలేదు. అయినా కంటికి కనబడని, వాసన లేని ఈ ప్రమాదం వస్తే ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నతోనే మేము ఈ వ్యాసం రాస్తున్నాము.

అణుధూళి అంటే ఏమిటి?

అణుబాంబు పేలినా, రియాక్టరు దెబ్బతిన్నా రేడియోధార్మిక పదార్థాలు గాలిలో కలిసి, దుమ్ముగానో వానతోనో నేలమీద పడతాయి. అదే అణుధూళి. గడ్డిమీద పడిన అయోడిన్-131 ఆవుపాలలోకి, పాలనుంచి పిల్లల థైరాయిడ్ గ్రంథిలోకి చేరుతుంది. దాని అర్ధజీవితకాలం 8 రోజులు. సీజియం-137కు దాదాపు 30 ఏళ్లు. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత అలాంటి పాలు తాగిన పిల్లల్లో థైరాయిడ్ క్యాన్సర్లు పెరిగాయి.

ఎలా కొలుస్తారు?

1. గాలిని, నేలను గైగర్ కౌంటరు వంటి పరికరాలతో పరీక్షిస్తారు.
2. పాలు, నీరు, బియ్యం, చేపల నమూనాలను ప్రయోగశాలలో పరీక్షిస్తారు. కల్పాక్కంలో ఇందుకోసమే ప్రత్యేక ప్రయోగశాల ఉంది.
3. మనుషుల శరీరంలో చేరినదాన్ని ఒంటిని మొత్తం పరీక్షించే యంత్రంతోను, మూత్ర పరీక్షతోను లెక్కిస్తారు.

మోతాదును మిల్లీసీవర్ట్‌లలో చెబుతారు. ప్రకృతి నుంచే ప్రపంచంలో ఒక మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు అందుతాయి. అణుకేంద్రాల వల్ల సామాన్య ప్రజలకు ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ మించకూడదన్నది నియమం. అందుకే ప్రమాదం రాకముందే కొలిచి ఉంచుకోవాలి. హాస్టల్లో చేరిననాటి బరువు తెలియకపోతే, ఇప్పుడు పెరిగామో తగ్గామో చెప్పలేము కదా!

రోంగెలాప్ నేర్పిన పాఠం

1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవిలో అమెరికా హైడ్రోజన్ బాంబును పేల్చింది. కొన్ని గంటలకే రోంగెలాప్ దీవిమీద తెల్లటి పొడి రాలింది. అదేమిటో తెలియక పిల్లలు దానితో ఆడుకున్నారు. ఒళ్లు కాలింది, జుట్టు ఊడింది. రెండు రోజుల తర్వాత గాని వారిని తరలించలేదు. 1957లో తిరిగి అదే దీవికి పంపి, ఏటేటా డాక్టర్లు వచ్చి పరీక్షలు చేశారు. తమకు వైద్యం చేయడం కంటే తమ మీద పరిశోధన చేయడమే వారికి ముఖ్యమైందని ఆ ప్రజలు బాధపడ్డారు. చివరకు 1985లో తామే దీవిని వదిలిపోయారు.

కొలిచిన అంకె రిజిస్టరులో ఉండిపోతే ఎవరికి మేలు? మనకు ఆరోగ్య పరీక్షలు చేసినప్పుడు మనలో ఎందరం మన రక్తం శాతం అడిగి తెలుసుకుంటున్నాం? ఏం కొలిచారు? ఎంత వచ్చింది? ఎంత ఉండాలి? ఇప్పుడేం చేయాలి? ఈ నాలుగు ప్రశ్నలు పేదవాడి పిల్లలైన మనకు అడగడం రావాలి. అడగడానికే కదా ఈ చదువు!