నిర్మాత చూపు – వాడుకరి చూపు

పనిముట్టు యొక్క గుణదోషములు దానిని చేసినవానికంటె దానితో పనిచేయువానికే బాగుగా తెలియును. కొడవలి పదును కమ్మరికంటె కోతకు పోవువాడెరుగును. కంప్యూటరు సాఫ్ట్‌వేరు విషయమునను ఇదియే న్యాయము. తెరపైని మాటలును మీటలును నిర్మాతకు తేటతెల్లముగా నుండును. ఏలయన వాని యర్థమును నిర్ణయించినవాడు తానే. క్రొత్తవానికి తెర కనబడును గాని నిర్మాత మనస్సు కనబడదు. ఇందుకు రెండు నిదర్శనములను ఇచ్చట వ్రాయుచున్నాము.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి జెరాక్స్ పరిశోధనాలయమున లారీ టెస్లర్, టిమ్ మాట్ అనువారు 1970 తరువాతి సంవత్సరములలో "జిప్సీ" అను ప్రోగ్రామును నిర్మించిరి. అది గిన్ అను పాఠ్యపుస్తక ప్రచురణ సంస్థలోని సంపాదకుల ఉపయోగార్థము. కనుక ఆ సంపాదకులు పనిచేయు విధమును వారు ముందుగా తెలిసికొనిరి. కాగితమును కత్తిరించి వేరొకచోట అంటించుట ఆ వృత్తియందు వాడుక. ఆ వాడుకయే "కట్", "పేస్ట్" అను ఆజ్ఞలుగా తెరమీదికి వచ్చినది.

టెస్లర్ 1980లో ఆపిల్ సంస్థయందు చేరెను. మరుసటి సంవత్సరమున అచ్చట లీసా అను కంప్యూటరు కొరకు పరీక్షలు జరిగెను. క్రొత్త ఉద్యోగులను తెరముందు కూర్చుండబెట్టి, వారు పనిచేయు తీరును గమనించుచుండిరి. ఆజ్ఞను నెరవేర్చు మీటపై ఇంగ్లీషున "డూ ఇట్" అని వ్రాసియుండెను. కొందరు దానిని నొక్కవలసినచోట రద్దుచేయు మీటను నొక్కుచుండిరి. కారణము తెలియలేదు. తుదకు చిరాకుపడుచున్న యొకరిని అడుగగా, కంప్యూటరు తన్ను మందమతియని పిలుచుచున్నదను సమాధానము వచ్చెను! పదముల నడుమ ఎడము చాలలేదు. పెద్దబడి "ఐ" చిన్నబడి "ఎల్" వలె కనబడెను. అందుచే అది "డోల్ట్" అయ్యెను. ఇంగ్లీషున ఆ మాటకు మందమతి యని అర్థము. మొదట మరీ వాడుకమాటయని నిర్మాతలు త్రోసివేసిన "ఓకే" పిమ్మట ఆ మీటపై చేరెను.

ఇందు గ్రహింపవలసినవి మూడు. మొదటిది: "బాగున్నదా?" యని అడుగుటకంటె వాడుచుండగా చూచుట మేలు. మర్యాదకై బాగున్నదనువారు కలరు. చేతి తడబాటు మాత్రము దాగదు. రెండవది: తడబాటును చూచి ఊహతో తృప్తిపడక కారణమడుగవలెను. పై మీటను పెద్దది చేసినను, రంగు మార్చినను ఆ చిక్కు తీరకయే యుండును. మూడవది: పలువురు ఒకేచోట దారి తప్పినచో దారిని పరీక్షింపవలెను. తనకు తెలివి చాలదని తలంచి మౌనముగా లేచిపోవువాని వలన ఆ దోషము ఎన్నడును బయటపడదు. అతని తరువాత వచ్చువారును అచ్చటనే తొట్రుపడుదురు.

విద్యార్థులారా! మీరొక ప్రకటన వ్రాసినను, యంత్రమును నడుపు సూచనలు వ్రాసినను, ముందుగా దానిని చిన్న తరగతి బాలునికిచ్చి ఆ ప్రకారము చేయుమని చెప్పుడు. నడుమ వివరింపకుడు. అతడు ఆగినచోట గురుతుపెట్టుకొని, ఆ వాక్యమును తిరిగి వ్రాయుడు.